యాక్సిలరేటర్‌కు రేకు వేయించాలా?

అశ్వారావుపేట నుంచి ఒక తండ్రి ఉత్తరం రాశారు. ఇంట్లో ఎనిమిదేళ్ల నాటి చిన్న కారు ఉంది. తను నడుపుతారు, భార్య నడుపుతారు, ఇంజినీరింగ్ చదువుతున్న కొడుకు సెలవులకు వచ్చినప్పుడు అతనూ నడుపుతాడు. ఈసారి ఆ అబ్బాయి ఒక కొత్త కోరికతో వచ్చాడట. ‘‘బ్రేకు తొక్కుతూనే అదే కాలితో యాక్సిలరేటర్ కూడా ఇచ్చి గేరు తగ్గించాలంటాడండీ. దాన్ని హీల్ అండ్ టో అంటారట. మా కారులో రెండు పెడళ్లూ ఎడంగా ఉన్నాయి, కాలు అందడం లేదు, యాక్సిలరేటర్‌కు పక్కన ఒక రేకు వెల్డింగ్ చేయిస్తానంటున్నాడు. షాపాయన అరగంట పని అన్నాడు. మేం ఏడాదికి నాలుగైదుసార్లు భద్రాచలం, అక్కణ్నుంచి మారేడుమిల్లి మీదుగా రాజమండ్రి వెళ్తుంటాం. ఘాట్‌లో అది మంచిదేనని వాడి వాదన. చేయించమంటారా?’’ అని అడిగారు.

వద్దండీ. ముందు ఆ మాట చెప్పేస్తున్నాను, ఎందుకంటే వెల్డింగ్ షాపు మీ ఇంటికి దగ్గరే ఉన్నట్టుంది. అయితే మీ అబ్బాయి నేర్చుకున్నది మాత్రం తప్పుడు విద్య కాదు. అది పనికొచ్చే విద్యే. దానికోసం కారును కోసి అతకాల్సిన పని లేదన్నదే నా అభ్యంతరం.

ఇంట్లో మిగతావాళ్లకూ అర్థం కావాలి కాబట్టి ఆ విద్య ఏమిటో చూద్దాం. కారు 40 కిలోమీటర్ల వేగంతో మూడో గేరులో వెళ్తోందనుకోండి. మన చిన్న కార్లలో చాలావాటికి అప్పుడు ఇంజిను నిమిషానికి దాదాపు 2,000 చుట్లు తిరుగుతుంటుంది. అదే వేగంలో రెండో గేరు వేస్తే 3,000 దాకా తిరగాలి. ఆ వెయ్యి చుట్ల తేడాను ఎవరో ఒకరు పూడ్చాలి. మనం పూడ్చకపోతే క్లచ్చి పూడుస్తుంది, చక్రాలు పూడుస్తాయి. క్లచ్చి వదలగానే కారు ముందుకు తూలి, లోపలున్న వాళ్ల తలలు ఊగేది అందుకే. ఎండిన రోడ్డు మీద అది ఒట్టి కుదుపు. వానలో, ఆకులు రాలి జారుడుగా ఉన్న మలుపులో అయితే ఆ క్షణంలో చక్రం పట్టు తప్పొచ్చు. క్లచ్చి తొక్కి ఉన్నప్పుడే యాక్సిలరేటర్‌ను ఒక్కసారి చిన్నగా తట్టి ఇంజినును 3,000కు తెచ్చి, అప్పుడు గేరు కలిపితే కుదుపుండదు. లోపల నిద్రపోతున్న పిల్లాడు నిద్ర లేవడు.

మీ ప్రాంతానికి ఇది కొత్తేం కాదు. జామాయిల్ కర్ర వేసుకుని సారపాక కాగితం మిల్లుకు పోయే లారీల్లో ముసలి డ్రైవర్లు ఎవరైనా కనిపిస్తే ‘డబుల్ క్లచ్’ అంటే ఏమిటని మీ అబ్బాయిని అడగమనండి. క్లచ్చి తొక్కి న్యూట్రల్‌లోకి తేవడం, వదిలి ఒక రేజు ఇవ్వడం, మళ్లీ తొక్కి కింది గేరు వేయడం. పాతకాలపు లారీల గేరు బాక్సుల్లో పళ్ల వేగాన్ని సరిచేసే సింక్రో ఏర్పాటు ఉండేది కాదు. పాత జీపుల్లో కూడా మొదటి గేరుకు ఉండేది కాదు. రేజు లెక్క తప్పితే గేరు బాక్సు పెట్టే గోల రోడ్డంతా వినిపించేది. ఆ చెవి ఉన్నవాళ్లు ఇంజిను శబ్దం విని గేరు వేసేవారు. అమెరికాలో 1928 నాటి కాడిలాక్ కార్లతో మొదలైన ఆ సింక్రో మన దాకా వచ్చి అన్ని గేర్లకూ చేరాక ఆ చెవితో పని తగ్గింది. గేరు బాక్సు లోపలి గోల తగ్గిందే గానీ, క్లచ్చి వదిలినప్పటి కుదుపు మాత్రం అలాగే ఉండిపోయింది.

లారీ డ్రైవరు చేసేదానికీ మీ అబ్బాయి చేయాలనుకునేదానికీ ఒక్కటే తేడా. ఇదంతా బ్రేకు మీద కాలు ఉండగానే చేయాలనుకుంటున్నాడు. కాళ్లు రెండే, పెడళ్లు మూడు. ఎడమ కాలు క్లచ్చి మీద ఉంటుంది కాబట్టి కుడి కాలే బ్రేకునూ యాక్సిలరేటర్‌నూ చూసుకోవాలి. రేసుల్లో ఇది ఎందుకు పుట్టిందంటే, మలుపు దగ్గర బ్రేకు వేయడం ఒక పని, గేరు తగ్గించడం మరో పనిగా చేస్తే సమయం పోతుంది. మద్రాసు దగ్గర షోలవరంలో పాత విమానాల రన్‌వే మీద రేసులు జరిగే రోజుల్లో మన కుర్రాళ్లు చాలామంది ఈ కాలి పని అక్కడే చూశారు. అక్కడ సెకను విలువైంది. మారేడుమిల్లి ఘాట్‌లో మీకు సెకనుతో పనేమిటి? ఈ ప్రశ్నను కాస్త పక్కన పెట్టండి, దీనితో తర్వాత పని ఉంది.

ఇప్పుడు పెడళ్ల సంగతి. మామూలు కారులో బ్రేకు పెడల్ యాక్సిలరేటర్ కంటే ఎత్తులో ఉంటుంది, రెండింటి మధ్యా ఎడం కూడా ఉంటుంది. తయారీదారు బద్ధకించి అలా వదిలేయలేదు. కంగారులో బ్రేకు తొక్కబోయిన కాలు యాక్సిలరేటర్ మీద పడకూడదు, రెండింటి మీదా ఒకేసారి పడకూడదు. ఆ ఎడం ఉన్నది అందుకే. రేసు కారులో ఎప్పుడూ ఒకడే కూర్చుంటాడు, వాడి కాలి కొలత ప్రకారమే పెడళ్లు బిగిస్తారు. ఇంటి కారు అలా కాదు. మీ కాలు తొమ్మిదో నంబరైతే మీ ఆవిడది అయిదు కావచ్చు. ఒకరు చెప్పులతో, ఒకరు బూట్లతో, ఒకరు చెప్పులు విప్పేసి నడుపుతారు.

ఈ ఎడం ఎంత పని చేస్తుందో ఒక పెద్ద కంపెనీకి చాలా ఖరీదుగా తెలిసొచ్చింది. 1980లలో అమెరికాలో ఆడి 5000 అనే కారు ఉండేది. బ్రేకు తొక్కుతున్నా కారు దానంతటదే దూసుకుపోతోందని ఫిర్యాదుల మీద ఫిర్యాదులు వచ్చాయి. 1986 నవంబరులో అక్కడి ప్రముఖ టీవీ కార్యక్రమం ‘60 మినిట్స్’ దాని మీద కథనం ప్రసారం చేశాక కొనేవాళ్లు వెనక్కి తగ్గారు. 1985లో 74 వేల కార్లు అమ్మిన కంపెనీ 1991 నాటికి 12 వేల దగ్గరకు పడిపోయింది. చివరకు 1989లో అమెరికా రహదారి భద్రతా సంస్థ తేల్చిందేమిటి? చాలా సందర్భాల్లో డ్రైవర్లు బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కారు. అయితే నివేదిక డ్రైవర్లను తిట్టి ఊరుకోలేదు. ఆ కారులో పెడళ్లు అమర్చిన తీరు కూడా అలాంటి పొరపాటుకు వీలిచ్చిందని చెప్పింది. అంతకుముందే, 1983లో, కంపెనీ ఆ కార్లను వెనక్కి పిలిచి పెడల్‌కు ఒక పలక బిగించింది. ఏ పెడల్‌కో గమనించండి, బ్రేకు పెడల్‌కు. యాక్సిలరేటర్ కంటే అది ఇంకాస్త ఎత్తులో ఉండాలని. మీ అబ్బాయి చేయించాలనుకుంటున్నది సరిగ్గా దీనికి తలకిందులు.

ఇంకొకటి మనవాళ్లకు బాగా దగ్గరి కథ. అమెరికా వెళ్లిన తెలుగు కుర్రాళ్లలో ఎంతోమందికి మొదటి కారు కామ్రీయో కరోలాయో అయి ఉంటుంది. 2009 ఆగస్టులో కాలిఫోర్నియాలోని శాన్‌డియెగో దగ్గర ఒక లెక్సస్ కారు ఆగకుండా దూసుకుపోయి నలుగురు చనిపోయారు. నడుపుతున్న వ్యక్తి మామూలు మనిషి కాదు, హైవే పోలీసు అధికారి. అది షోరూము తాత్కాలికంగా ఇచ్చిన కారు, అందులో వేసిన రబ్బరు మ్యాటు వేరే మోడల్‌ది. పెడల్ కింది అంచు ఆ మ్యాటులో చిక్కుకుని పైకి లేవలేదు. ఆ తర్వాత టొయోటా కామ్రీతో సహా దాదాపు 38 లక్షల వాహనాల యజమానులకు మ్యాట్లు తీసేయమని చెప్పింది. మరమ్మతు ఏం చేశారో తెలుసా? యాక్సిలరేటర్ పెడల్ కింది భాగాన్ని కోసి పొట్టి చేశారు. నేలకూ పెడల్‌కూ మధ్య ఖాళీ పెరగాలని. లక్షల కార్లలో పెడల్ అంచును కోయించాల్సి వచ్చిన తర్వాత, మనం అదే అంచుకు కోరి రేకు అతికించుకోవడం ఏం బాగుంటుంది?

ఘాట్‌లో మంచిదని కదా మీ అబ్బాయి వాదన. ఘాట్‌లోనే అది ఎక్కువ చెడ్డది. చింతూరు దాటాక ఎక్కుడూ దిగుడూ మెలికలూ మీకు తెలిసినవే. కిందికి దిగుతూ అస్తమానం బ్రేకు మీదే కాలు ఉంచితే బ్రేకులు వేడెక్కుతాయి. ఆ వేడి బ్రేకు ఆయిల్‌కు చేరుతుంది. ఆయిల్ పాతదై గాలిలోని తేమను పీల్చుకుని ఉంటే లోపల ఆవిరి బుడగలు పుడతాయి. బుడగ నొక్కుకుపోతుంది, ఆయిల్ నొక్కుకుపోదు. అందుకే పెడల్ స్పాంజిలా మెత్తబడి, రోజూ ఆగే చోట ఆగకుండా ఇంకా కిందికి దిగిపోతుంది. ఇప్పుడు ఊహించండి. మామూలుగా తొక్కినప్పుడు బ్రేకు పెడల్ ఎక్కడ ఆగుతుందో కొలిచి, దానికి సమానంగా ఉండేలా యాక్సిలరేటర్‌కు రేకు వేయించారు. మెత్తబడిన బ్రేకు ఆ కొలత దాటి కిందికి దిగింది. డ్రైవరు భయంతో ఇంకా గట్టిగా తొక్కుతాడు. పాదం పక్క భాగం రేకు మీద పడుతుంది. అంటే బ్రేకు అందని సరిగ్గా ఆ క్షణంలోనే యాక్సిలరేటర్ కూడా నొక్కుకుంటుంది.

ఆ ఘాట్‌లో 2019 అక్టోబరులో పర్యాటకుల టెంపో, 2025 డిసెంబరులో యాత్రికుల బస్సు లోయలో పడి ప్రాణాలు పోయాయి. వాటికి కారణం పెడళ్లని నేను అనడం లేదు. ఆ దారి పొరపాటును ఎంతమాత్రం ఓర్చుకునేది కాదని గుర్తు చేస్తున్నానంతే.

మరి అబ్బాయి సరదా మాటేమిటి? పెడళ్లకు వెళ్లేముందు కూర్చునే తీరు చూడండి. క్లచ్చి నేలదాకా తొక్కినా ఎడమ మోకాలు కాస్త వంగే ఉండేలా సీటు జరపాలి. చాలామంది సీటు మరీ వెనక్కి పెట్టి కాలు చాచి నడుపుతారు. అలా అయితే కుడి మడమ నేల మీద నిలవదు, పాదం పక్కకు తిరగదు. కాలు అందడం లేదన్న ఫిర్యాదులో సగం ఇక్కడే పోతుంది. తర్వాత చెప్పులు. హవాయి చెప్పులతో ఈ విద్యే కాదు, మామూలు డ్రైవింగు కూడా వద్దు. అలాగని దిమ్మల్లాంటి స్పోర్ట్స్ బూట్లూ పనికిరావు, వాటితో పెడల్ స్పర్శ తెలియదు. పలుచని అడుగు, మడమ పట్టు ఉన్న బూట్లు చాలు.

హీల్ అండ్ టో అన్న పేరు వినగానే మడమతో యాక్సిలరేటర్ నొక్కాలనుకుని కాలు మెలితిప్పుకునేవాళ్లే ఎక్కువ. ఇప్పటి కార్లలో అంత అవసరం లేదు. బొటనవేలి కింది కండ ఎడమ సగం బ్రేకు మీద ఉంచి, పాదాన్ని కుడివైపు కొద్దిగా ఒరిగిస్తే కుడి అంచు యాక్సిలరేటర్‌కు తగులుతుంది. పేరు పాతదే నిలిచిపోయింది, పని మారింది. మీ అబ్బాయి ఈ పద్ధతి ప్రయత్నించాడో లేదో అడగండి. మడమ కోసం చూసేవాడికి అందని పెడల్ ఇలా చాలాసార్లు అందుతుంది.

కాళ్ల కింద ఏముందో కూడా చూడండి. మీ వైపు వానాకాలంలో పామాయిల్ తోటల ఎర్రమట్టి బూట్లకు అంటుకుని కారంతా అవుతుంది. అది అంటకుండా కంపెనీ మ్యాటు మీద ఇంకో రబ్బరు మ్యాటు, దాని మీద పాత పేపరు పరవడం మనకు అలవాటు. ఒక్కటి ఉంచి మిగతావి తీసేయండి. ఉన్న ఒక్కటీ కొక్కేలకు తగిలించి ఉండాలి.

ఇక మెకానిక్ చేత చేయించదగినవి రెండే. పాత కారై, క్లచ్చి, యాక్సిలరేటర్ కేబుళ్లతో పనిచేస్తుంటే ఆ కేబుళ్ల లూజు సరిచేయించవచ్చు. యాక్సిలరేటర్ కేబులు సాగిపోతే పెడల్ మొదటి కాస్త దూరం ఉత్తుత్తిగా పోతుంది, ఇంజిను పలకదు. ఆ లూజు తీస్తే పాదం కొద్దిగా ఒరిగినా ఇంజిను అందుకుంటుంది. మరీ బిగిస్తే ఇంజిను ఊరికే రేజ్ అవుతుంది కాబట్టి కొంచెం వదులు ఉంచాల్సిందే, ఎంతో కారు పుస్తకంలో ఉంటుంది. క్లచ్చికీ అంతే. బ్రేకు పెడల్ ఎత్తు మాత్రం మార్చనివ్వకండి. పెడల్ వెనక ఉండే కడ్డీని తిప్పి ఎత్తు తగ్గిస్తానని కొందరు అంటారు. లెక్క కొద్దిగా తప్పితే ఆయిల్ వెనక్కి వెళ్లే దారి మూసుకుపోయి బ్రేకులు పట్టేసే ఉంటాయి. మీకు తెలియకుండానే అవి వేడెక్కుతూ పోతాయి. వెనక బ్రేకు లైటు ఎప్పుడూ వెలుగుతూ ఉండిపోవడం ఇంకో తంటా.

ఇంకో సంగతి. ఎనిమిదేళ్ల నాటి కారంటున్నారు. అది కేబులు కాకుండా ఎలక్ట్రానిక్ యాక్సిలరేటర్ ఉన్న కారయితే, పెడల్ చాలావరకు ప్లాస్టిక్కే అయి ఉంటుంది, దానికి సెన్సరు ఉంటుంది. వెల్డింగు మాటే తలపెట్టకూడదు. పైగా బ్రేకూ యాక్సిలరేటరూ ఒకేసారి నొక్కితే ఇంజినును తగ్గించేసే ఏర్పాటు కొన్ని కార్లలో ఉంటుంది, శాన్‌డియెగో లాంటి ప్రమాదాలు జరగకుండా పెట్టిందే అది. అలాంటి కారులో రేకు వేసినా, మడమ తిప్పినా కంప్యూటర్ పట్టించుకోకపోవచ్చు. కారు ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, న్యూట్రల్‌లో ఒకసారి చూసుకుంటే కొంత తెలుస్తుంది.

రేపు ఉద్యోగం వచ్చాక తన సంపాదనతో, తనొక్కడే నడిపే పాత కారు కొనుక్కుని ట్రాక్ మీదికి తీసుకెళ్తానంటే అప్పుడు పెడళ్లు మార్చుకోనివ్వండి. అప్పుడు కూడా వెల్డింగు కాదు. నట్లతో బిగించి, అవసరమైతే విప్పేయగల పలక కావాలి. ఇంజిను ఆన్‌లో ఉంచి కొలవాలి, ఎందుకంటే ఆఫ్ చేసి నాలుగుసార్లు తొక్కాక పెడల్ రాయిలా గట్టిపడి ఎత్తులోనే ఆగుతుంది, ఆ కొలత అబద్ధం చెబుతుంది. ఎంత గట్టిగా తొక్కినా బ్రేకు యాక్సిలరేటర్ కంటే కాస్త పైనే ఆగాలి. యాక్సిలరేటర్‌ను నేలదాకా నొక్కి వదిలితే దేనికీ తగలకుండా టక్కున పైకి రావాలి.

ఇందాక పక్కన పెట్టిన ప్రశ్న దగ్గరికొద్దాం. ఘాట్‌లో సెకను మిగుల్చుకోవాల్సిన పని లేదు కాబట్టి రెండు పనులూ ఒకేసారి చేయాల్సిన పనీ లేదు. మలుపు రాకముందే, రోడ్డు తిన్నగా ఉండగానే బ్రేకు వేసి వేగం తగ్గించండి. బ్రేకు వదిలి, క్లచ్చి తొక్కి, అదే కాలితో యాక్సిలరేటర్‌ను ఒక్కసారి తట్టి, కింది గేరు వేసి, క్లచ్చి మెల్లగా వదలండి. ఆ తర్వాత మలుపులోకి వెళ్లండి. అంతే. రేకు అక్కర్లేదు, మడమ తిప్పక్కర్లేదు, కుదుపు ఉండదు. ఏటవాలు నిటారుగా ఉన్నచోట కారు బ్రేకు వదిలిన ఆ క్షణంలో కొద్దిగా వేగం అందుకుంటుంది కాబట్టి, అలాంటి దిగుడు మొదలయ్యే ముందే గేరు తగ్గించేసుకోవాలి. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలన్న లారీ డ్రైవర్ల లెక్క మీ చిన్న కారుకూ సరిపోతుంది. రెండో గేరులో ఇంజినే కారును పట్టి ఉంచుతుంది, బ్రేకులు చల్లగా ఉంటాయి.

అబ్బాయి దీన్ని ముందుగా ఖాళీ మైదానంలో సాధన చేయాలి, ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టుకుని కాదు. మీరు పక్క సీట్లో ఒక నీళ్ల గ్లాసు పట్టుకుని కూర్చోవచ్చు. నీళ్లు తొణకకుండా మూడు నుంచి రెండుకు వచ్చాడంటే వచ్చేసినట్టే. ఈ విద్యకు ఇంకెంతో కాలం లేదు కూడా. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున కరెంటు రేసు కార్లు పరుగెత్తాయి. వాటిలో తొక్కడానికి క్లచ్చే లేదు. మీ అబ్బాయి పిల్లలకు డబుల్ క్లచ్ కథ చెబితే నమ్ముతారో లేదో.

వెల్డింగ్ షాపుకు ఇవ్వాలనుకున్న డబ్బుకు ఇంకొంత కలిపి బ్రేకు ఆయిల్ మార్పించండి. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చుకున్నాక 140 డిగ్రీలకే మరగొచ్చు. డాట్ 4కు ఈ అంకెలు 230, 155. మీ కారుకు ఏది పోయాలో ఆయిల్ డబ్బా మూత మీదే రాసి ఉంటుంది. సాధారణంగా రెండేళ్లకోసారి మార్చాలంటారు. చివరిసారి ఎప్పుడు మార్చారో బిల్లు దొరకకపోతే భద్రాచలం ప్రయాణానికి ముందే మార్పించేయండి. ఆ పని అయ్యాక మీ ఆవిడను కూడా డ్రైవింగ్ సీట్లో కూర్చోబెట్టి, సీటు ఆవిడ కొలతకు జరిపి, బ్రేకు గట్టిగా తొక్కమని చెప్పి చూడండి. పెడల్ ఎక్కడ ఆగుతోందో ఆవిడకూ తెలిసి ఉండాలి.